మొదటి గుప్పెడు

సంక్రాంతికి ముందూ వెనకా చోడవరం చుట్టుపక్కల పల్లెల్లో ఎవరిని కదిపినా చెరకు మాటే. కటింగ్ ఆర్డరు ఎప్పుడొస్తుందో, నరికే మనుషులు దొరుకుతారో లేదో, ఫ్యాక్టరీకి తోలడమా, గానుగాడించి బెల్లం దిమ్మలు అనకాపల్లి మార్కెట్‌కి పంపడమా, ఎటు పంపినా డబ్బు చేతికి ఎన్నాళ్లకొస్తుందో. ఏడాది పంట కాబట్టి బెంగ కూడా ఏడాది పొడుగునా ఉంటుంది. భూమి సొంతమైన రైతుది ఒక బెంగ. కౌలుకి చేసేవాడికి దానిమీద కౌలు బెంగ. గెడ నరికి మోపులు కట్టే కూలీకి ఏ రోజు బెంగ ఆ రోజుదే. 2022 ఏప్రిల్‌లో విశాఖపట్నం జిల్లాలోంచి విడిపోయి అనకాపల్లి జిల్లాలోకి వచ్చినా ఈ ప్రాంతపు బతుకు ఇప్పటికీ చెరకు చుట్టూనే తిరుగుతోంది.

ఈ కూలీల్లో, చిన్న రైతుల్లో క్రైస్తవులూ ఉన్నారు. స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడితో పేరుపడ్డ ఊళ్లో వాళ్లు కొద్దిమందే. ఆదివారం పేటలోని మందిరంలో చాపల మీద కూర్చుని బైబిలు వింటారు. మత్తయి సువార్త ఆరో అధ్యాయం వంతు వచ్చినరోజు వినికిడి ఇంకాస్త శ్రద్ధగా ఉంటుంది. తిండికీ బట్టకీ దిగులు పడొద్దని, ఎగిరే పక్షుల్నీ పొలంలో పూలనీ చూపించి, దేవుని రాజ్యాన్నీ ఆయన నీతినీ ముందు వెతుక్కోమని యేసు కొండమీద చెప్పిన భాగం అది. వినేవాళ్లలో సోమవారం డ్వాక్రా వాయిదా కట్టాల్సిన ఆడమనిషి ఉంటుంది. కొడుకు పాలిటెక్నిక్ ఫీజు కోసం చెవిదిద్దులు తాకట్టు పెట్టిన తల్లి ఉంటుంది. కడుపు నిండినవాడు దిగులు పడొద్దని చెప్తే వాళ్లకి ఒళ్లు మండుతుంది. ఈ మాట చెప్పినాయన మాత్రం వడ్రంగి ఇంట్లో పెరిగాడు. విన్నవాళ్లు గలిలయలో చేపలు పట్టేవాళ్లు, కూలి చేసుకునేవాళ్లు, పన్నుల కింద నలిగినవాళ్లు. అందుకే పేటలోని చాపమీద ఆ మాట పరాయిగా వినబడదు. అలాగని తేలిగ్గా మింగుడుపడేదీ కాదు.

తెలుగులో అచ్చయిన తొలి సువార్తల్లో మత్తయి ఒకటి. అది తెలుగైంది ఇక్కడికి దగ్గర్లోనే. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ దే గ్రాంజ్ 1805లో విశాఖపట్నం చేరారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ క్రైస్తవుడి తోడుతో అనువాదం సాగింది. క్రాన్ 1809లో, దే గ్రాంజ్ 1810లో కన్నుమూశారు. సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేనాటికి ఆ ఇద్దరిలో ఒక్కరూ లేరు. రేపటి గురించి దిగులు వద్దనే అధ్యాయాన్ని తెలుగు చేసినవాళ్లకి ఈ గడ్డమీద దక్కింది నాలుగైదేళ్లే.

ఆ అధ్యాయాన్ని పక్షుల దగ్గర మొదలుపెట్టి చదివితే సగమే అందుతుంది. కొంచెం పైన ప్రభువు నేర్పిన ప్రార్థన ఉంది. తెలుగు క్రైస్తవుల ఇళ్లలో పిల్లలు అక్షరాలకంటే ముందు నేర్చుకునేది అదే. అందులో వరస చూడాలి. మొదట దేవుని నామం, ఆయన రాజ్యం, ఆయన చిత్తం. ఆ తర్వాత ఆ పూటకి కావలసిన తిండి. వెంటనే బాకీలు, క్షమాపణలు. అన్నాన్ని ప్రార్థనలోంచి ఎవరూ తీసేయలేదు. చోటు ఇచ్చారు, ముందు చోటు మాత్రం ఇవ్వలేదు. ఆత్మ సంగతి ముందు అంటే పొట్ట సంగతి లేదని కాదు, అది వరస గురించిన మాట. ఆ వరస నిలబడుతుందో లేదో తేలేది మందిరంలో పాటలు పాడేటప్పుడు కాదు. కరువొచ్చినప్పుడు, ఉద్యోగం వదులుకోవాల్సి వచ్చినప్పుడు, తహశీల్దారు ఆఫీసులో ఒక కాగితం అడిగినప్పుడు. తెలుగు క్రైస్తవుల చరిత్రలో ఈ మూడూ జరిగాయి.

కరువు సంగతి ముందు చెప్పుకోవాలి. 1876లో ధాత నామ సంవత్సరంలో మొదలై, ధాత కరువని జనం నోట నిలిచిపోయిన ఆ కరువు 1878 దాకా మద్రాసు రాజధానిని ఎండగట్టింది. ఒంగోలులో అప్పుడు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఉండేవారు. 1866లో ఆ ఊరొచ్చారు. మిషనరీ కాకముందు అమెరికాలో భూముల సర్వే పని చేసిన మనిషి, మట్టిపని లెక్కలు తెలిసినవాడు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని స్వయంగా కాంట్రాక్టుకి తీసుకున్నారు. ఊళ్లకి ఊళ్లు కాలువ గట్టు చేరాయి. మాల మాదిగ పేటల జనం వచ్చారు, ఇతర కులాలవాళ్లూ వచ్చారు. బోధకులే మేస్త్రీలయ్యారు. పగలంతా పార, తట్ట. అలుపు తీర్చుకునే వేళ బోధకుడు పక్కన కూర్చుని నాలుగు మాటలు చెప్పేవాడు. చావు అంచుకొచ్చిన వేలమందికి ఆ కూలి గంజి అయింది.

ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని వచ్చినవాళ్లకి లోటు లేదు. క్లౌ ఇవ్వలేదు. 1877లో ఆపేసి దాదాపు పదిహేను నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. కూలి కోసమో గింజల కోసమో ఎవరైనా నీళ్లలో దిగితే ఆ నమ్మకం కరువుతోపాటే పోతుందని ఆయన భయం. ఎక్కడి మిషన్ బోర్డయినా సభ్యుల లెక్కలే అడుగుతుంది. ఆ లెక్క పెంచుకునే అవకాశం గుమ్మంలోకి వచ్చి నిలబడితే ఆయన తలుపు వేశారు. కూలికి మాత్రం తలుపు తీసే ఉంచారు.

సాయం అయిపోయింది, పంచడానికి డబ్బు లేదు అని ఖాయంగా చెప్పాక కూడా జనం కదల్లేదు. తమకు కావలసింది డబ్బు కాదన్నారు. అప్పుడు, 1878 జూలైలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర బాప్తిస్మాలు జరిగాయి. 2వ తేదీన 614 మందికి, 3న 2,222 మందికి, 4న 700 మందికి. మూడో తేదీన ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నదిలో నిలబడ్డారు. ఆ 2,222 అంకెని తెలుగు బాప్టిస్టు సంఘాలు నేటికీ పొంగిపోతూ చెప్పుకుంటాయి. దానికి ముందున్న పదిహేను నెలల సున్నాని తలుచుకునేవాళ్లు తక్కువ. నిజానికి ఆ సున్నాయే గొప్పది. అన్నం ముందు పెట్టి, బాప్తిస్మం వెనక్కి నెట్టినట్టు పైకి కనిపిస్తుంది. కాని దేవుని సంగతిని అన్నిటికంటే ముందు పెట్టుకున్న మనిషే దాన్ని అన్నంతో బేరం పెట్టకుండా ఉండగలడు. ఆకలిగొన్నవాడి చేతిలో ముద్ద పెట్టి, బదులుగా ఏమీ అడక్కపోవడం ఆ రాజ్యపు నీతిలో భాగమని క్లౌ అర్థం చేసుకున్నారు.

ఇక ఉద్యోగం సంగతి. కాకినాడలో టెలిగ్రాఫ్ శాఖలో పనిచేసిన థామస్ గాబ్రియేల్ అనే తెలుగువాడు సువార్త కోసం సర్కారు కొలువు వదులుకున్నారు. వెనక ఏ విదేశీ సొసైటీ లేదు, నెల జీతం పంపేవాళ్లు లేరు. సొంతంగా మిషన్ మొదలుపెట్టి, ఖర్చులకోసం వ్యాపారం చేసి చూశారు. అది కలిసిరాలేదు. సంఘం పెరిగింది, అప్పులూ పెరిగాయి. ఒంటరిగా మోయలేక కెనడా బాప్టిస్టు మిషనరీ జాన్ మెక్లారిన్‌ని ఈ పనికి రమ్మని వేడుకున్నారు. 1874 మార్చిలో మెక్లారిన్ కాకినాడ చేరారు. 1875 జనవరి 1న గాబ్రియేల్ చనిపోయారు. ఆ పనే తర్వాత ఉత్తర సర్కారుల్లో విస్తరించి, యలమంచిలికీ నర్సీపట్నానికీ వచ్చింది. అనకాపల్లి జిల్లాలో బాప్టిస్టు సంఘాలు వెనక్కి తిరిగి తమ మూలం వెతుక్కుంటే ఆ టెలిగ్రాఫ్ ఉద్యోగి దగ్గర తేలుతుంది.

ప్రసంగాల్లో ఇలాంటివాళ్ల రాజీనామా గురించి చెప్తారు. అప్పుల గురించి చెప్పరు. చెప్పాలి. ముందు దేవుని పని చూసుకుంటే మిగతావన్నీ సమకూరుతాయని నమ్మిన మనిషి అప్పులతో పోయాడంటే ఆ మాట తప్పా, ఆయన నమ్మకం తక్కువా? రెండూ కావు. ఆ మాటని యేసు ఒక్కడితో చెప్పలేదు, కూర్చున్న గుంపుతో చెప్పాడు. ఒకడు అన్నీ వదిలేసి నడుస్తుంటే వాడికి కావలసినవి సమకూర్చాల్సిన చేతులు ఆ గుంపులోనే ఉండాలి. గాబ్రియేల్ చుట్టూ ఉన్న ఆ చేతులన్నీ పేదలవే. సాయం వచ్చేసరికి ఆయనకి మిగిలింది కొద్ది నెలలు.

జీతం లెక్క చూసుకోకుండా బయలుదేరినవాళ్లు తెలుగునేలకి అంతకుముందూ వచ్చారు. ఇంగ్లండులో దంతవైద్యుడిగా బాగా సంపాదిస్తూ దాన్ని వదిలేసిన ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ ప్రోత్సాహంతో విలియం బౌడెన్, జార్జ్ బీర్ దంపతులు 1836లో బయలుదేరి గోదావరి డెల్టాలో నర్సాపురం ప్రాంతంలో పని మొదలుపెట్టారు. వాళ్లకి జీతం ఇస్తామన్న సొసైటీ లేదు. నూరేళ్ల తర్వాత పంజాబు నుంచి వచ్చిన భక్తసింగ్‌ది అదే తోవ. కెనడాలో ఇంజనీరింగ్ చదివిన మనిషి. 1950లో హైదరాబాదులో హెబ్రోను మొదలుపెట్టి, 2000లో మరణించేదాకా డబ్బు కావాలని చందా విన్నపాలు చేయలేదు. ఆయన సభల్లో వేలమంది నేలమీద బంతులు తీరి కలిసి తినేవాళ్లు. ఒక బంతిలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్నది కులాలున్న దేశంలో చిన్న విషయం కాదు.

వీళ్లంతా పేరున్నవాళ్లు. చోడవరం పేటలో దేవుని సంగతి ముందు పెట్టుకునేవాళ్లకి ఆ పేరు లేదు. వాళ్లని వంటింట్లో చూడాలి. ఎసరు పొయ్యిమీద ఉంటుంది. ఇల్లాలు డబ్బా మూత తీసి గ్లాసుతో బియ్యం కొలిచి చేటలో పోస్తుంది. రాళ్లు, వడ్లగింజలు ఏరుతుంది. కడగడానికి గిన్నెలో పోయబోయే ముందు ఆగి, ఒక గుప్పెడు తీసి గూట్లో ఉన్న చిన్న స్టీలు డబ్బాలో వేస్తుంది. అప్పుడు ఏదో గొణుగుతుంది, అది ప్రార్థన. రోజూ అంతే. తిన్నాక మిగిలింది కాదు, వండకముందు తీసింది. ఆదివారం ఆ డబ్బా మందిరానికి వెళ్తుంది. గుమ్మం పక్కన పెట్టిన బస్తాలో రేషన్ బియ్యం, సన్నబియ్యం, ఉప్పుడుబియ్యం అన్నీ కలిసిపోతాయి. ఎవరివి ఏవో తర్వాత తెలియదు.

ఈ అలవాటుని దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య ఎంతో గట్టిగా పట్టుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయిన తమిళుడు ఆయన. తెలుగు పల్లెల్లో తన సంఘస్థుల్లో ఎక్కువమంది మాల మాదిగ కూలీలే. వాళ్ల దగ్గర కానుక అడగడమేమిటని చుట్టూ ఉన్నవాళ్లు అనుకునే కాలం. అజరయ్య వాళ్లనే అడిగారు. గుప్పెడు బియ్యం, కోడి, కోతకాలంలో ధాన్యపు కంకులు, ఏదైనా సరే. క్రైస్తవ దాతృత్వం మీద పుస్తకమే రాశారు. తరతరాలుగా దొర ముందు చెయ్యి చాచమని నేర్పిన మనుషులు దేవుడి ముందు ఇచ్చేవాళ్లుగా నిలబడాలన్నది ఆయన పట్టుదల. ఇవ్వడానికి ఏమీ లేదనుకున్న మనిషికి ఇచ్చే హక్కు ఉందని చెప్పడం సామాన్యమైన గౌరవం కాదు. బియ్యం విలువ ఎంతో అజరయ్యకీ తెలుసు. ఆ గుప్పెడు తీసే క్షణంలో ఆకలికంటే ముందు ఇంకొకటి ఉందని ఆ ఇల్లాలు ప్రతి పూటా తేల్చుకుంటోంది. అదీ లెక్క.

కోతపండుగనాడు ఇదే పెద్దదవుతుంది. మందిరం స్తంభాలకి చెరకు గెడలు కడతారు. బల్లమీద బెల్లం దిమ్మలు, గుమ్మడికాయలు, అరటిగెలలు, గుడ్లు. కాళ్లు కట్టిన కోళ్లు మూల నుంచి ఆరాధన మధ్యలో కేకలేస్తుంటాయి. ఆరాధన అయ్యాక వేలం. బజారులో కొద్దిపాటి డబ్బుకి దొరికే గుమ్మడికాయ ఇక్కడ రెండింతలు పలుకుతుంది. పాడుకున్నవాడు దాన్ని మళ్లీ బల్లమీదే పెడతాడు, మళ్లీ పాట మొదలు. పిల్లలకి ఆ రోజు భలే సరదా. చూడవచ్చినవాళ్లకి అది బేరంలా కనిపిస్తుంది. ధర పెంచుకుంటూ పోయి సరుకు వదిలేసుకునే బేరం ఏ మార్కెట్‌లో ఉంటుంది?

ఇన్నేళ్లుగా పాతుకున్న ఈ అలవాటుని ఇప్పుడు ఒక బోధ తిరగేస్తోంది. టీవీల్లో, యూట్యూబ్‌లో, పెద్ద మైదానాల్లో సభల్లో వినబడుతోంది. విత్తన కానుక వేయండి, పదింతలు కోసుకోండి. ఇల్లు కావాలా, వీసా కావాలా, అప్పు తీరాలా, ఫలానా నంబరుకి పంపండి. నూటికి ఐదు వడ్డీకి తెచ్చిన డబ్బులో కూడా ఒక నోటు తీసి దేవుడికి పెడితే వడ్డీ మాయమవుతుందని నమ్మి ఇచ్చేవాళ్లున్నారు. ఆ నమ్మినవాళ్లని అనడానికి నోరు రాదు. బోధించేవాళ్లని అనక తప్పదు. అక్కడ దేవుడి పేరు ముందు వినబడుతుంది గాని ముందున్నది డబ్బే. దేవుణ్ని ఆ డబ్బు తెచ్చిపెట్టే పనికి కుదుర్చుకుంటున్నారు. కరువులో బాప్తిస్మం అమ్మనన్న క్లౌ ఎక్కడ, అప్పుల్లో ఉన్నవాడికి ఆశీర్వాదం అమ్మే ఈ బోధ ఎక్కడ? ఇది కడుపు మండే సంగతి. పేదవాడు తీసిన గుప్పెడులో ఉన్న స్వేచ్ఛని ఇది లాక్కుంటుంది. రేపు పంట రాకపోతే తన విశ్వాసమే చాల్లేదని ఆ మనిషి తన్నుతానే తిట్టుకుంటాడు.

ఇక మూడోది, తహశీల్దారు ఆఫీసులోని కాగితం, అంటే కులం సర్టిఫికెట్టు. అన్నిటికంటే కష్టమైనది అదే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ మతంలో ఉన్నవాళ్లకే షెడ్యూల్డ్ కులాల గుర్తింపు. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి దాన్ని విస్తరించారు. క్రైస్తవులకి లేదు. బాప్తిస్మం తీసుకున్న మాల, మాదిగ కుటుంబం ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సీ కిందికి వస్తుంది, దానికి ఉన్న రిజర్వేషన్ ఒక శాతం. దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. 2025లో రాష్ట్ర హైకోర్టు, క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టపు రక్షణ వర్తించదని చెప్పింది. పేటలో మతం మారినంత మాత్రాన కులం పోదు. బావి దగ్గర, పొలం దగ్గర, పెళ్లి దగ్గర అది అలాగే ఉంటుంది. కాగితం మీద మాత్రం పోతుంది.

అందుకే చాలామందికి రెండు పేర్లు. బడి రిజిస్టరులో ఒకటి, మందిరంలో ఒకటి. ఇంటరు పాసైన పిల్ల డిగ్రీ సీటుకో ఉద్యోగానికో దరఖాస్తు పెట్టేటప్పుడు మతం గడి దగ్గర కలం ఆగుతుంది. అక్కడ నిజం రాసి సీటు పోగొట్టుకున్న పిల్లలున్నారు. రాయలేక, ఇంటికొచ్చి ఎవరికీ చెప్పకుండా మోకాళ్లూనినవాళ్లూ ఉన్నారు. మొదటివాళ్ల ధైర్యానికి దణ్ణం పెట్టాలి. రెండోవాళ్లని వేదిక మీద నిలబెట్టి ద్వంద్వ జీవితమని నిందించే హక్కు సీటు అక్కర్లేనివాడికి లేదు. ఏ పిల్ల చేత ఏ కాగితం మీద ఏం రాయించాలని అడిగేముందు సంఘం తన్నుతాను అడగాల్సిన ప్రశ్న ఉంది. నిజం రాసి నష్టపోయినవాళ్ల ఫీజు ఎవరు కట్టారు? ఇలాంటి పిల్లల కోసం పెద్ద మిషన్ సంస్థలు ఒకప్పుడు బడులు, హాస్టళ్లు నడిపాయి. ఇప్పుడు పేటలోని మందిరం దగ్గర ఉన్నది కానుకల సంచి ఒక్కటే. దాన్ని ముందు దేనికి తెరవాలన్నది ఆత్మ సంబంధమైన ప్రశ్నే.

తొలి సంఘానికీ ఇదే చిక్కు వచ్చింది. అపొస్తలుల కార్యాలు ఆరో అధ్యాయంలో ఉంది. యెరూషలేములో గ్రీకు మాట్లాడే విధవరాళ్లకి రోజువారీ తిండి సరిగ్గా అందడం లేదని సణుగుడు మొదలైంది. అపొస్తలులు తమకు ప్రార్థన, వాక్యం ముందని చెప్పారు. అలాగని తిండి సంగతి ఎవరో ఒకరు చూసుకుంటార్లే అనలేదు. ఏడుగురిని ఎంచుకోమన్నారు. ఆ పనికి పెట్టిన అర్హత మంచిపేరు, జ్ఞానం, ఆత్మతో నిండి ఉండటం. బల్లల దగ్గర వడ్డించడానికి అడిగిన అర్హతలు ఇవి. ఆ ఏడుగురిలో ఒకడు స్తెఫను, క్రీస్తుకోసం ముందుగా ప్రాణమిచ్చినవాడు.

చోడవరం వైపు సంఘాల్లో ఆ వడ్డన పని ఎక్కువగా స్త్రీల సమాజం మీదే నడుస్తోంది. గుప్పెడు బియ్యం కొలిచేది వాళ్లే, కోతపండుగకి పాత్రలు తోమేది వాళ్లే. ఎవరింట్లో మందులు అయిపోయాయో, ఎవరి పిల్ల చదువు ఆగేలా ఉందో, పనుల్లేని వారాల్లో ఎవరు ఒక పూట మానేశారో వాళ్లకి తెలిసినట్టు కమిటీ పెద్దలకి తెలియదు. వేలం డబ్బు వచ్చాక పాస్టరుగారి జీతం, కరెంటు బిల్లు, రేకుల షెడ్డు, సౌండు బాక్సులు అని పద్దు రాస్తారు. అన్నీ కావలసినవే. ఆ పద్దు రాసే సాయంత్రం ఈ ఆడవాళ్లని బయట వంట దగ్గర ఉంచకుండా లోపలికి పిలిచి, కుర్చీలు వేసి, మొదటి గీత గీయకముందే వాళ్లు చెప్పే పేర్లు రాసుకోవాలి.